నాడి చివర, కండరము మొదట

1814వ సంవత్సరమున లండను నగరమందు ఒక ఆడుగాడిద భుజములోనికి, దక్షిణ అమెరికాలోని గయానా అడవులనుండి తెచ్చిన ఒక బాణవిషమును ఎక్కించిరి. అక్కడి ఆదివాసులు బాణపు మొనలకు పూసి వేటాడు ఆ విషమునే తరువాతి వైద్యులు క్యురారే అనిరి. పది నిమిషములు గడచునప్పటికి ఆ జంతువు నేలకొరగి, ఊపిరి నిలిచి, చచ్చినదానివలె పడియుండెను. అంతట దాని కంఠనాళమును కొంచెము కోసి, కొలిమితిత్తులతో ఊపిరితిత్తులలోనికి గాలిని ఊదుట ప్రారంభించిరి. రెండు గంటలకు అది తలయెత్తి చుట్టును చూచెను. ఊదుట మానగా మరల ఒరిగిపోయెను. ఇంకను రెండు గంటలు ఊదిన పిదప లేచి నిలిచి, ఏమియు జరుగనట్లు నడచిపోయెను. విషమును గయానానుండి తెచ్చిన యాత్రికుడు చార్లెస్ వాటర్టన్ దానికి వూరాలియా అని పేరు పెట్టి, యార్కుషైరులోని తన ఎస్టేటులో పనిపాటలు చెప్పక మేపుకొనగా, అది 1839వరకు సుఖముగా బ్రదికెను.

ఈ వృత్తాంతము వినువారికి వింతగా తోచునేగాని, ఇందు గ్రహింపదగిన అంశము మిక్కిలి సూక్ష్మమైనది. ఆ విషము గుండెను ఆపలేదు, మెదడును నశింపజేయలేదు. మన ఇచ్ఛకు లోబడి కదలు కండరములు మాత్రము ఆజ్ఞను వినక మిన్నకున్నవి. ఊపిరి పీల్చుట సైతము రొమ్ము కండరములును, ఉదరవితానమును చేయు పనియే గనుక, అదియు నిలిచిపోయినది. ఎవరైన ఆ పనిని బయటినుండి కొన్ని గంటలు చేసిపెట్టినచో, విషము క్రమముగా దేహమును వీడి, కండరములు మునుపటివలె పనికి వచ్చుచున్నవి. పాము కరచినవానికిని, పురుగుమందు త్రాగినవానికిని నేటి ఆస్పత్రులలో వెంటిలేటరు చేయుచున్న ఉపకారము, నాడు ఆ కొలిమితిత్తి చేసిన ఉపకారముకంటె తత్త్వమున వేరుకాదు.

మరి ఆ విషము ఎచ్చట పట్టినది? నాడిలోనా, కండరములోనా? 19వ శతాబ్ది మధ్యమున ఫ్రెంచి శరీరధర్మశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ఈ ప్రశ్నను కప్పల నడిగి సమాధానము రాబట్టెను. కప్ప వెనుక కాలికి రక్తము పారకుండునట్లు, నాడిని మాత్రము విడిచి తక్కినదెల్ల దారముతో బిగించి కట్టి, పిదప దేహమునకు విషమెక్కించెను. దేహమంతయు చచ్చుపడినది, కట్టిన కాలికి మాత్రము విషము చేరలేదు. అప్పుడు చచ్చుపడిన భాగమున చర్మమును గిల్లగా, ఆ గిల్లుటకు బదులుగా కట్టిన కాలు తన్నుకొనెను. అనగా స్పర్శను తెలుపు నాడులు చెడలేదు, వెన్నుపాము చెడలేదు, విషము సోకిన ప్రదేశము గుండ పోవుచున్న కాలి నాడియు చెడలేదు. పోనీ కండరము చెడినదా యనిన, చచ్చుపడిన కండరమునకే తిన్నగా విద్యుత్తు తగిలించగా అదియు చక్కగా ముడుచుకొనెను. నాడి బాగున్నది, కండరము బాగున్నది, కదలిక మాత్రము లేదు. లోపమున్నచో అది రెంటి కలయికయందే యుండవలెను. ప్రయోగశాస్త్రమున ఇంత తక్కువ సామగ్రితో ఇంత ఎక్కువ తేల్చిన పరీక్షలు బహు స్వల్పమని నా యభిప్రాయము.

ఆ కలయికయే ఈ వ్యాసమునకు విషయము. వెన్నుపామునుండి బయలుదేరిన నాడీతంతువు కండరమును చేరి దానిలో లీనమైపోదు. దానికి అతి సమీపమున ఆగిపోవును. నడుమనున్న ఎడము వెండ్రుక మందములో వేయవ వంతునకును తక్కువ. అయినను అది ఎడమే. నాడి వెంట పరుగెత్తి వచ్చిన విద్యుత్సంకేతము దానిని దాటజాలదు. గోదావరి గట్టువరకు రోడ్డుపై వచ్చిన బండి అచ్చట నిలిచి, సరకు పడవ కెక్కి ఆవలి యొడ్డు చేరినట్లు, సంకేతమును నాడి చివరనే ఒక రసాయనద్రవ్యము అందుకొని, ఎడమును దాటి కండరమునకు చేర్చుచున్నది. ఆ ద్రవ్యము పేరు ఎసిటైల్‌కోలిన్. కండరపు పొరపై దానిని పట్టుకొనుటకై గ్రాహకములను అణునిర్మాణములు కలవు. అవి దానిని పట్టుకొన్నప్పుడు తెరచుకొని, కండరములోనికి లవణకణములను వదలును. అంతట కండరము ముడుచుకొనును. క్యురారే మూయునది ఈ గ్రాహకములనే. పని తీరిన ఎసిటైల్‌కోలిన్ అచ్చటనే నిలిచిపోయినచో రెండవ సంకేతమునకు చోటుండదు గనుక, కోలినెస్టరేసు అను ఎంజైము దానిని క్షణములో వేయవ వంతు కాలమున విరిచివేయుచున్నది. మనము ఒక మెతుకు నమలినను, రెప్ప వాల్చినను, ఈ వ్యాపారమంతయు లెక్కకు మించిన మారులు జరిగి ముగియుచున్నది.

నాడులు రసాయనము ద్వారా మాటలాడునని తొలుత గుండెపై నిరూపించినవాడు ఆటో లోవీ. 1921లో ఆయన కప్ప గుండెలతో చేసిన పరీక్షను గూర్చియు, అది ఆయనకు కలలో తోచుటను గూర్చియు పెక్కుమంది వ్రాసియున్నారు గనుక ఇచ్చట విస్తరింపను. మన ఇచ్ఛకు లోబడు కండరములందును ఆ ద్రవ్యమే పనిచేయునని లండనులో హెన్రీ డేల్ బృందము 1936లో చూపెను. ఆ యేడే లోవీకిని డేల్‌కును నోబెల్ బహుమతి కలిపి యిచ్చిరి. పిమ్మట బెర్నార్డ్ కాట్జ్ ఇంకను లోతునకు పోయి, నాడి ఈ ద్రవ్యమును ధారగా కాక, వేలకొలది అణువులుగల పొట్లములుగా విడుచునని కనుగొనెను. ఆయనకు 1970లో ఆ బహుమానము దక్కినది.

ఈ ఏర్పాటులో ప్రకృతి చేసిన దుబారా మెచ్చదగినది. ఆరోగ్యవంతుని నాడి ఒక్కొక్క సంకేతమునకు, కండరము కదలుటకు కావలసినదానికి మూడు నాలుగు రెట్లు ఎసిటైల్‌కోలిన్‌ను విడుచును. గ్రాహకములును అట్లే అవసరమునకు మించి యుండును. గ్రాహకములలో సుమారు మూడు వంతులు మూతపడువరకు బలహీనత పైకి కానరాదు. కావుననే ఈ కలయికను పట్టు వ్యాధులు మొదట చాలకాలము దాగియుండి, నిలువ తరుగుకొలది ఒక విచిత్రమైన లక్షణముతో బయటపడును: కండరము మొదటి పనిని చక్కగా చేయును, రెండవదానిని కొంచెము తక్కువగా చేయును, పదియవదానిని చేయనే చేయదు, కొంత విశ్రాంతి యిచ్చినచో మరల మొదటికి వచ్చును.

ఈ లక్షణమే ప్రాణముగాగల వ్యాధి మయస్థీనియా గ్రేవిస్. 1672లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్, ఎక్కువసేపు మాటలాడినచో నోట మాట పెగలక మూగవలె నైపోయి, కొంతసేపటికి తేరుకొనుచుండిన ఒక స్త్రీని గూర్చి వ్రాసియుండెను. నేటి వైద్యులు చదివినచో వ్యాధి పేరు చెప్పగలిగినంత స్పష్టముగా ఆ వర్ణన యున్నది. చిన్నవయసు స్త్రీలయందును, అరువది దాటిన పురుషులయందును ఇది హెచ్చుగా కనపడును. సగముమందికి పైగా కనులతోనే ప్రారంభమగును: సాయంకాలమగుసరికి ఒక రెప్ప వాలును, లేదా ఎదుటి దీపము రెండు దీపములగును. కొందరికి అది కనులతోనే ఆగును. తక్కినవారికి సాధారణముగా రెండు మూడు సంవత్సరములలోపున దవడకును, గొంతునకును, భుజములకును, చివరకు ఊపిరికిని ప్రాకును. జడ వేసుకొనుచుండగా చేతులు సగములో జారిపోవును. అన్నము తినుచు సగము ముగిసినప్పటికి దవడ అలసి, గడ్డమును అరచేతితో పట్టుకొని నమలవలసి వచ్చును. త్రాగిన నీరు ముక్కునుండి వచ్చును. నవ్వబోయినచో పెదవుల కొనలు పైకి లేవక, ఆ నవ్వు కోపపు మొగముగా మారును. ఇంతయు జరుగుచున్నను నొప్పి యుండదు, తిమ్మిరి యుండదు, స్పర్శ పోదు, బుద్ధి మందగింపదు.

నొప్పి లేకుండుటయే ఈ రోగులకు పెద్ద దురదృష్టము. నొప్పి యున్నవానిని ఇంటివారు నమ్ముదురు. పొద్దున పిల్లలను బడికి పంపి, వంట చేసి, సాయంకాలమునకు గిన్నె యెత్తలేనన్న కోడలిని నమ్మరు. ‘‘పొద్దున బాగానే ఉంటివి గదమ్మా, పని చెప్పేసరికి వచ్చిందా?’’ అన్న అత్తగారి మాటలో దుర్మార్గము లేకపోవచ్చును గాని, ఆ మాటయే వ్యాధి నిర్వచనమని ఆమె యెరుగదు. మన ఆస్పత్రుల వేళలు సైతము రోగికి ప్రతికూలములే. ఉదయము తొమ్మిది గంటలకు, రాత్రియంతయు నిద్రించి లేచిన కండరములతో డాక్టరు నెదుట కూర్చున్న రోగి చేయి నిక్షేపముగా లేచును, రెప్ప నిలుచును. చీటిపై బి-కాంప్లెక్సు మాత్రలో, నిద్రకు మందో వ్రాసి పంపుదురు. ఇంటిలో రెప్ప వాలినప్పుడు తీసిన ఒక ఫోటోను సెల్‌ఫోనులో చూపుట పెక్కు మాటలకంటె మేలు.

అనుమానము కలిగిన వైద్యుడు చేయు పరీక్షలు కొన్ని, ఖరీదైన యంత్రములకు ముందే తోవ చూపును. తల కదపక నిమిషముసేపు పైకప్పును చూడుమనును. ఆరోగ్యవంతుని రెప్ప అట్లే నిలుచును, రోగి రెప్ప క్రమముగా దిగివచ్చును. ఒకటినుండి యాబదివరకు గట్టిగా లెక్కపెట్టుమనును. ఇరువది, ముప్పది దాటుసరికి మాట ముక్కుతో పలుకుట మొదలిడును. అన్నింటికంటె నాకు సుందరముగా తోచినది మంచుగడ్డ పరీక్ష. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను వాలిన రెప్పపై రెండు నిమిషములుంచి తీసినచో, పెక్కుమందికి ఆ రెప్ప కన్నులయెదుటనే రెండు మిల్లీమీటర్లో అంతకు మించియో పైకి లేచును. చల్లదనమున కోలినెస్టరేసు చురుకు తగ్గి, విడుదలైన ఎసిటైల్‌కోలిన్ మరికొంత సేపు నిలిచి పనిచేయుటయే దానికి ముఖ్యకారణము. పిమ్మట రక్తములో గ్రాహకములను పట్టు ప్రతిరక్షకముల పరీక్షయు, నాడిని సెకనుకు మూడు మారులు విద్యుత్తుతో తట్టి కండరపు జవాబు తగ్గుచున్నదా యని చూచు పరీక్షయు సంగతిని స్థిరపరచును.

ఇక మందు కథ. ఇది లండనులోని ప్రసిద్ధ నాడీవైద్యుల చేతిలో పుట్టలేదు. గ్రీనిచ్‌లో బీదసాదలకు వైద్యము చేయు సెయింట్ ఆల్ఫెజ్ ఆస్పత్రిలో చిన్న ఉద్యోగమున నుండిన మేరీ వాకర్ అను వైద్యురాలి చేతిలో పుట్టినది. ఈ వ్యాధి క్యురారే విషమును పోలియున్నదని, అచ్చటికి వచ్చిన డెనీ-బ్రౌన్ అను నాడీవైద్యుడు ప్రసంగవశమున అనెను. అట్లయినచో క్యురారేకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ దీనికేల విరుగుడు కారాదని ఆమె తలచినది. ఆ ఫైసోస్టిగ్మిన్ పశ్చిమ ఆఫ్రికాలోని కాలబార్ ప్రాంతపు ఒక గింజలోనిది. నేరము మోపబడినవానిచేత ఆ గింజను మింగించి, కక్కినచో నిర్దోషి యనియు, చచ్చినచో దోషి యనియు అచ్చట పూర్వము తీర్పు చెప్పుచుండిరి. వాకర్ దానిని 56 ఏండ్ల రోగికి సూదిద్వారా ఎక్కించగా, గంట తిరుగకమునుపే వాలిన రెప్ప లేచెను, చేతులకు బలము వచ్చెను, మ్రింగుట సుకరమాయెను. రెండునుండి నాలుగు గంటలలో ఆ గుణము మెల్లగ తొలగెను. 1934 జూన్ 2న ‘లాన్సెట్’ పత్రికలో ఆమె వ్రాసిన చిన్న లేఖ దీనిని లోకమునకు తెలిపినది. పెద్దలు కొందరు తొలుత నమ్మలేదు. మరుసటి యేడు ఆమెయే ప్రోస్టిగ్మిన్ అను మెరుగైన మందును వాడి చూపెను. నేడు వాడుకలోనున్న నియోస్టిగ్మిన్ అదియే. ఒక విషమునకు మరియొక విషము విరుగుడగునను మాట మనకు పాతదే. కాని దానిని ఒక వ్యాధికి అన్వయించి, రోగి మంచముప్రక్క నిలిచి రెప్ప లేచుట కనిపెట్టిన ఘనత ఆ వైద్యురాలిది.

మందు పనిచేసెనుగాని, గ్రాహకము ఏల మూతపడినదో ఇంకొక నలువది ఏండ్లకుగాని తేలలేదు. తేల్చుటకు తోడ్పడినది ఒక పాము. తైవాను ద్వీపపు కట్లపాము విషమునుండి అచ్చటి శాస్త్రజ్ఞులు చాంగ్, లీ 1963లో వేరుచేసిన బంగారోటాక్సిన్ అను ద్రవ్యము, కండరపు గ్రాహకమును పట్టినచో వదలదు. ఆ గుణము వలన దానిని గుర్తుగా తగిలించి గ్రాహకములను లెక్కించుటకు వీలు కలిగెను. 1973లో అట్లు లెక్కింపగా రోగుల కండరములందు అవి చాల తక్కువగా నున్నట్లు బయటపడెను. ఆ యేడే కాలిఫోర్నియాలో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనువారు విద్యుత్తు చేపనుండి తీసిన గ్రాహకములను కుందేళ్ళకు ఎక్కించిరి. ఆ పరాయిపదార్థమునకు విరోధముగా కుందేళ్ళ దేహము పుట్టించిన ప్రతిరక్షకములు వాని సొంత గ్రాహకములను సైతము కరవగా, ఆ కుందేళ్ళు చెవులు వ్రేలవేసికొని చతికిలపడెను. శరీరము తన్ను తాను శత్రువుగా నెంచుటయే ఈ వ్యాధికి మూలమని 1960లో సింప్సన్ చేసిన ఊహ ఆ విధముగా నిలబడినది.

కనుక నేటి చికిత్స రెండు పాయలు. మొదటిది ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలుపుట. అందుకై పిరిడోస్టిగ్మిన్ మాత్రలు. అవి అరగంట, ముప్పావుగంటలో గుణమిచ్చి, మూడు నాలుగు గంటలు నిలుచును గనుక, మ్రింగుట కష్టమైనవారు భోజనమునకు అరగంట ముందు వేసికొనుట ఉచితము. ఆ మందే ప్రేగులపైని గ్రంథులపైని పనిచేయుట వలన కడుపులో మెలిపెట్టుటయు, విరేచనములును, నోట నీరూరుటయు కలుగవచ్చును. ఇచ్చట ఒక ప్రమాదము గలదు: గుణము చాలలేదని రోగి తనంతట తాను మాత్రలు పెంచుకొన్నచో, అతిగా నిలిచిన ఎసిటైల్‌కోలిన్ గ్రాహకములను మొద్దుబార్చి, మందే బలహీనతను తెచ్చును. రెండవ పాయ ప్రతిరక్షకముల పుట్టుకను తగ్గించుట. ప్రెడ్నిసొలోన్, అజాతయోప్రిన్ మొదలగునవి ఆ కోవవి. వీనిలో మొదటిదానిని పెద్దమోతాదున ప్రారంభించిన కొన్ని దినములలో బలము తాత్కాలికముగా ఇంకను తగ్గవచ్చునని ఇంటివారికి ముందుగా చెప్పని వైద్యుడు, అనవసరపు భయమునకు కారకుడగుచున్నాడు. రొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథిని తీసివేయుట మరియొక మార్గము. 1936లో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒక యువతికి ఆ గ్రంథిలోని గడ్డను తొలగింపగా ఆమె మేలుపొందెను. గడ్డ లేనివారికి సైతము ఆ శస్త్రచికిత్స ఉపకరించునని 2016లో వెలువడిన ఒక పెద్ద పరీక్ష ధ్రువపరచెను. ఊపిరి కుంటుపడిన ఆపత్సమయమున రక్తద్రవమును మార్చుటగాని, ఇమ్యునోగ్లాబ్యులిన్ ఎక్కించుటగాని చేయుదురు.

ఈ రోగి ఏ మందు వేసికొనవలెనను దానికంటె, ఏ మందు వేసికొనరాదనునది మన దేశమున ఎక్కువ తెలియవలసిన విషయము. జ్వరమునకో, మూత్రపు మంటకో, దగ్గునకో మందుల షాపు కౌంటరుపై చీటి లేకయే దొరకుచున్న మాత్రలలో కొన్ని ఈ కలయికనే దెబ్బతీయును. జెంటామైసిన్, అమికాసిన్ జాతి సూదిమందులు నాడి చివర ఎసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గించును. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ మొదలగు మాత్రలు ఈ రోగుల బలహీనతను పెంచునని అమెరికా ఔషధసంస్థ 2011లో మందు సమాచారపత్రమున నల్లగీతల చట్రములో హెచ్చరికగానే ముద్రింపించినది. అజిత్రోమైసిన్, రక్తపోటునకు వాడు బీటా బ్లాకర్లు, మలేరియాకు వాడు క్వినైన్, క్లోరోక్విన్, సిరలోనికి ఎక్కించు మెగ్నీషియము, ముడుతలకు వేయించుకొను బొటాక్సు, ఇవన్నియు జాగ్రత్త నెరిగి వాడవలసినవే. వీనిలో కొన్ని తప్పనిసరియైనప్పుడు వైద్యుని కనుసన్నల వాడుదురు, అది వేరు. ఆర్.ఎం.పి. డాక్టరు బల్లపై ‘‘నాకు మయస్థీనియా ఉన్నదండీ’’ అని చెప్పి, ఆ పేరు వ్రాసిన చీటిని చూపనిదే సూదికి చేయి చాపకుండుట ఈ రోగికి సంధ్యావందనమువంటి నియమము కావలెను.

తెలుగునాట ఈ ఎడమును పట్టు ఆపదలలో మయస్థీనియాకంటె తరచుగా వినవచ్చునవి రెండు గలవు. మొదటిది పాము. నాగుపాము విషము క్యురారేవలె కండరమువైపు గ్రాహకములను మూయును. అందుచేత విషహారి సూదులతోపాటు అట్రోపిన్, నియోస్టిగ్మిన్ ఇచ్చినచో కొందరికి రెప్పలు త్వరగా లేచును. కట్లపాము మార్గము వేరు: అది ముఖ్యముగా నాడి కొననే పాడుచేయును. పాడైన కొన తిరిగి మొలుచుటకు దినములు, వారములు పట్టును గనుక, నియోస్టిగ్మిన్ అంతగా పనిచేయదు, విషహారియు ఆలస్యమైనచో జరిగిన చెరుపును మరలింపజాలదు. పైగా కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. కాటు నొప్పి అంతగా తెలియదు, గాటు కనపడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినవాడు రాత్రి తిన్నది పడలేదనుకొని వాము నమలుచు కూర్చుండును. తరువాత రెప్పలు బరువెక్కును, మాట ముద్దయగును, పిమ్మట ఊపిరి. వానకాలమున నేలపై పడుకొన్నవానికి పొద్దున కడుపునొప్పియు, వాలిన రెప్పలును కలసి కనపడినచో, కాటు కొరకు వెదకుచు కూర్చుండక వెంటిలేటరు ఉన్న ఆస్పత్రికి చేర్చుట మేలు.

రెండవది పురుగుమందు. మోనోక్రోటోఫాస్ మొదలగు ఆర్గనోఫాస్ఫేటు మందులు కోలినెస్టరేసును బిగించివేయును. అనగా మేరీ వాకర్ మందు కొన్ని గంటలు మాత్రము మృదువుగా చేయు పనిని ఇవి గట్టిగా, విడువక చేయును. పత్తిచేలో మొగమునకు గుడ్డ లేక ఎండలో పిచికారి కొట్టినవానికి కన్నీరు, చొల్లు, చెమట, వాంతి, సన్నబడిన కనుపాప, అదరు కండరములు కలుగుటకు అదియే హేతువు. అట్రోపిన్ ఇచ్చినచో ఊపిరితిత్తుల చెమ్మ ఆరును, గుండె కుదుటపడును. కాని ఆ అట్రోపిన్ కండరపు గ్రాహకమును తాకదు గనుక, చొల్లు తగ్గినను బలహీనత నిలిచియుండవచ్చును. ఒకటి నుండి నాలుగు దినముల నడుమ, రోగి తేరుకొన్నాడని బంధువులు ఇంటికి తీసికొని పోవ తలచు సమయమున, మెడ కండరములును ఊపిరి కండరములును హఠాత్తుగా సన్నగిల్లుట కలదు. శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరళియద్దె 1987లో దీనిని వేరుగా గుర్తించి వ్రాసిరి. దిండుపైనుండి తల నెత్తలేకపోవుట దీనికి మొదటి గుర్తు. కాబట్టి ఆ దినములలో నర్సు వచ్చిన ప్రతిసారియు ‘‘తల ఎత్తు నాయనా’’ అని అడిగి చూచుట యంత్రములకు తీసిపోని పరీక్ష.

కడపట, ఎవరినీ రోగిగ చేయక, శస్త్రచికిత్స బల్లపై మాత్రము బయటపడు ఒక లోపమును గూర్చి చెప్పవలసియున్నది. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ క్యురారేను మత్తుమందుతో కలిపి వాడినది మొదలు, కండరములను సడలించు మందులు శస్త్రచికిత్సకు అంగములైనవి. 1951 ప్రాంతమున వాడుకకు వచ్చిన సక్సినైల్‌కోలిన్ వానిలో మిక్కిలి వేగమైనది. గొంతులో గొట్టము వేయుటకు కావలసినంత సడలింపును నిమిషములో తెచ్చి, కొన్ని నిమిషములలో తొలగిపోవును. దానిని తొలగించునది రక్తములోనుండు బ్యుటిరైల్‌కోలినెస్టరేసు అను మరియొక ఎంజైము. అది పుట్టుకతో లేనివానికి జీవితమున ఏ లోటును ఉండదు. సక్సినైల్‌కోలిన్ ఎక్కించిననాడు మాత్రము కొన్ని నిమిషముల సడలింపు కొన్ని గంటలు సాగును, అంతసేపు యంత్రమే ఊపిరి పోయవలెను. ఇది లోకమున మిక్కిలి అరుదైనను, మన వైశ్యసమాజమున హెచ్చుగా నున్నది. ఆ ఎంజైములోని 307వ స్థానమున లూసిన్‌కు బదులు ప్రోలిన్ వచ్చి చేరుట దానికి కారణమని కోయంబత్తూరు పరిశోధకులు, విదేశీ సహచరులతో కూడి 2006లో ప్రకటించిరి. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ మొదలగువారు 2017లో వెలువరించిన జన్యుపరిశోధన, కొద్దిమంది పూర్వులనుండి పెరిగి, తరతరములుగా తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుచు వచ్చిన సమాజములలో ఇట్టి లోపములు పోగుపడునని, వైశ్యులనే ఒక ఉదాహరణముగా చూపినది. ఇది ఆ కులమువారి తప్పు కాదు, రోగమును కాదు; ఇట్టి చరిత్రగల సమాజములు మన దేశమున పెక్కు గలవు.

మత్తు వైద్యులు చాలమంది ఇప్పుడు వైశ్య రోగి పేరు చూచినంతనే ‘‘మీ ఇంటిలో ఎవరికైన ఆపరేషను తరువాత మెలకువ ఆలస్యమైనదా?’’ అని అడుగుచున్నారు. అట్టి సంగతి జరిగియున్నచో అది చెప్పుటకు సంకోచింపరాదు. తల్లిదండ్రులిరువురినుండియు లోపపు జన్యువు వచ్చినప్పుడే ఇది పూర్తిగా ప్రకటమగును గనుక, ఒకరికి తేలినచో తోబుట్టువులలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. ఒక రక్తపరీక్షతో అది తెలియును, ఆ కాగితమును ఆస్పత్రి ఫైలులో పెట్టుకొనవచ్చును. గొట్టము వేయుటకు రోక్యురోనియమ్ వంటి వేరు మందు గలదు. దానిని సుగమ్మాడెక్స్ అను విరుగుడు రక్తములోనే పట్టి బంధించి తొలగించును. బ్యుటిరైల్‌కోలినెస్టరేసుతో ఆ రెంటికిని పని లేదు.